వెనక వేలు లేని పిట్టలు

హిందూపురం దాకా వెళ్లినవాళ్లు లేపాక్షి బసవన్నను చూసి వస్తారు. నేను నా తప్పును చూసి వచ్చాను.

తెనాలిలో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరైన మనిషిని నేను. సర్వీసులో ఉండగా ఒక ప్రచురణకర్త అడిగితే, బడి గోడలకు తగిలించే పక్షుల చార్టు ఒకటి వేసిచ్చాను. అందులో ఒక మూల బట్టమేక పిట్ట ఉంటుంది. దాని పక్కన చిన్న గోధుమరంగు పిట్ట. కింద నా గుండ్రటి అక్షరాలతో ‘బట్టమేక, దాని పిల్ల’. ఆ రెండింటినీ నేనెప్పుడూ చూసింది లేదు. ఆయన పంపిన మాసిపోయిన జిరాక్సు కాగితం ముందు పెట్టుకుని వేశాను. ఎవరడుగుతారులే అనుకున్నాను.

పదకొండేళ్ల తర్వాత అడిగారు. మొన్న వానాకాలంలో ఫోనొచ్చింది. “మేడమ్, పక్షుల చార్టు వేసింది మీరే కదా?” అంది ఒక అమ్మాయి. పేరు షాహిదా, సొంతూరు హిందూపురం, తాడిమర్రి అవతల ఒక పల్లెలో టీచరు. నా బొమ్మల్ని పొగుడుతుంది కాబోలని కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

“మీరు పిల్ల అని రాసింది పిల్ల కాదు మేడమ్. అది నేలనెమలి. వేరే పిట్ట. మీ చార్టును చూపించి మా ఊరి బీడు తీసుకుంటాండారు.”

విషయం ఇదీ. ఆ ఊరికి గొర్రెలు మేసే బీడు ఒకటుంది. అందులో సోలార్ పలకలు వేస్తామని ఆఫీసు నుంచి వచ్చారు. బడి వరండాలో మీటింగు పెట్టారు. హనుమక్క అనే గొర్రెల కాపరి లేచి, “ఆడ నేలనెమలి గుడ్లు పెడ్తాది” అంది. ఆఫీసరు గోడ మీది నా చార్టు దగ్గరికి నడిచి వెళ్లి, వేలు పెట్టి చూపించాడట. ఇది బట్టమేక పిల్ల, నేలనెమలి అని వేరే పిట్టే లేదు, బట్టమేక ఈ చుట్టుపక్కల లేక చాలా ఏళ్లయింది, నువ్వు చూసింది నెమలిపెట్టనో కౌజునో, కూర్చో అన్నాడట. హనుమక్క కూర్చుంది. గురువారం రెండో మీటింగు. అందులో కాగితాల మీద వేలిముద్రలు పడితే బీడు పోయినట్టే.

ముందు ప్రచురణకర్తకు ఫోన్ చేశాను. “ఉన్నాయో లేవో తెలియని పిట్టలకు తప్పేంటమ్మా, ఒప్పేంటి?” అని నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. ఫోన్ పెట్టేసి రైలు టికెట్ తీసుకున్నాను.

హిందూపురం

రైలు దిగి ఆటో ఎక్కితే, “దుడ్లు చిల్లర ఉండాయా అక్కా?” అన్నాడు డ్రైవరు. దుడ్లంటే డబ్బులని అర్థం కావడానికి నాకు రెండు వీధులు పట్టింది. ఆ మనిషే ఫోన్లో ఎవరితోనో కన్నడం మాట్లాడి, పక్క ఆటోవాడిని తెలుగులో తిట్టాడు. ఇక్కడ భాష మార్చడం గేరు మార్చినంత తేలిక.

టిఫిన్‌కి ఉగ్గాణి బజ్జీ తిన్నాను. “మరమరాల ఉప్మానా?” అని అడిగితే హోటలాయన చిన్నబుచ్చుకున్నాడు. “బొరుగులమ్మా. ఉప్మా కాదు, ఉగ్గాణి.” మా తెనాలిలో మరమరాలు సాయంత్రం కాలక్షేపానికి, పంటి కింద కరకరలాడడానికి. వీళ్లు వాటిని తడిపి, పోపు పెట్టి, పుట్నాలపొడి చల్లి పొద్దున్నే కడుపు నింపుకుంటారు. రెండు మిరపకాయ బజ్జీలతో కలిపి నలభై ఐదు రూపాయలు. సగం తిని వదిలేద్దామనుకుని, పళ్లెం నాకినంత పని చేశాను.

షాహిదా వాళ్ల వీధంతా చింతపండు వాసన. ప్రతి గుమ్మం ముందూ ఆడవాళ్లు కూర్చుని గింజ తీస్తున్నారు. షాహిదా సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం ఆఖరి బెంచీ దాకా వినిపిస్తుంది. పై నుంచి ఎవరో ఫోన్ చేసి, “పాఠాలు చెప్పుకోమ్మా, పిట్టలు నీకెందుకు?” అన్నారట.

“మీరేమన్నారు?” అని అడిగాను.

“పిట్టలు కూడా పాఠంలోనే ఉండాయి సార్ అన్నా.”

ఈ పిల్ల నాకు నచ్చింది. కాఫీ తాగుతూ ఆ రెండు పిట్టల సంగతి చెప్పమన్నాను. “నాకు తెలిసిందంతా మా దాదా చెప్పిందే మేడమ్. ఆయన రెండింటినీ చూసినాడు. పెనుకొండలో ఉంటాడు. రేపు పోదాం. నాకు పొద్దున ఈడ పనుండాది, మీరు ముందు పోయి కూర్చోండి, నేను మధ్యాహ్నానికి వస్తా” అంది.

పెనుకొండ, వయా అగళి

మర్నాడు పెనుకొండ బస్సనుకుని అగళి బస్సెక్కాను. తప్పు నాది కాదు, బోర్డు కన్నడంలో ఉంది. సరే, నాదే, అడగాలి కదా. ఊరు దాటాక కండక్టరు టికెట్ కొట్టబోతూ, “పెనుకొండకా? ఇది పడమరకు పోతాండాది కదమ్మా!” అన్నాడు. బస్సంతా నన్ను చూసి జాలిపడింది. ఒక పెద్దావిడ, “అగళి చూసి పోండమ్మా, మాది కూడా మంచి ఊరే” అని పిలిచింది. దిగి, ఎండలో నిలబడి, ఎదురు బస్సు పట్టుకుని, పదకొండు దాటాక పెనుకొండ చేరాను.

షాహిదా తాత ఖాసీం సాబ్, దర్గాకు పోయే దారిలో, కోట కొండ కనిపించే వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. ఎనభై దాటాయి. చూపు బాగుంది, మోకాళ్లు బాగాలేవు. వయసులో ఉన్నప్పుడు పెద్దమనుషుల జీపు తోలేవారు. వాళ్లు వారానికోసారి వేటకు పోయేవాళ్లు.

నా చార్టు విప్పి ఆయన ముందు పరిచాను. రంగులు చూస్తారనుకున్నాను. ఆయన పిట్టల కాళ్లు చూశారు.

“ఏమమ్మా, వెనక వేలు యాల పెట్టినావు?”

“పక్షులకు ఉంటుంది కదండీ.”

“కోడికుంటాది. కాకికుంటాది. అవి కొమ్మ పట్టుకోవల్ల కదా. ఇవి కొమ్మెక్కే పిట్టలు కాదమ్మా. రెండిటికీ మూడే వేళ్లు, మూడూ ముందరికే. వీటికి నేల తప్ప ఇంగో చోటు లేదు.”

ముప్పై ఏళ్లు పిల్లలకు ‘చూసి గీయండి’ అని చెప్పిన మొహం ఇది! సిగ్గేసింది. పెన్సిలు తీసి ఆయన చెప్పేది రాసుకున్నాను.

రెండూ ఒకే వంశం, కాని ఒకదాని గుణం ఇంకోదానికి లేదు. బట్టమేక నిలబడితే మన నడుముకు వస్తుంది. తెల్లటి మెడ, నెత్తిన నల్ల టోపీ. మొగది గొంతు కింద సంచి ఊదుకుని గుమ్మని మూలిగితే పొలాలు దాటి వినిపిస్తుంది. నేలనెమలి నాటుకోడంత ఉంటుంది. మామూలు రోజుల్లో గడ్డి రంగే దాని రంగు. వాన పడ్డాక మొగదానికి ఒంటికి నలుపు, తల వెనక దారాల్లాంటి ఈకలు వస్తాయి. అప్పుడది ఉన్నచోటనే గడ్డి మీదికి ఎగిరి, కప్పలా బెకబెకమని, మళ్లీ అక్కడే దిగుతుంది. బట్టమేక పెట్టేది ఒక్కటే గుడ్డు. నేలనెమలి మూడో నాలుగో పెడుతుంది. నా చార్టులో ‘పిల్ల’ ఏమిటో అప్పుడు తెలిసింది. అది నిండు వయసున్న నేలనెమలి పెట్ట.

“వీటిని కొట్టేదీ ఒగ తీరు కాదు” అన్నారు ఖాసీం సాబ్. “బట్టమేక మనిషి నడిచొస్తే దూరంలోనే లేచిపోతాది. జీపును చూస్తే నిలబడి చూస్తాంటాది, అదేమో తెలీక. గుండ్రంగా తిప్పుకుంటా దగ్గరికి తోలల్ల. తోలింది నేనే. నేలనెమలి గడ్డిలో దాక్కుంటే ఎవురికీ దొరకదు. ఎగిరినప్పుడే దొరుకుతాది. ఎగిరేది జోడు కోసరం. ఒగ దినం అట్ల ఎగురుతాంటే నాకు ఆపబుద్ధాయె. బ్రేకు మీద కాలు పెట్టినా. ‘పోనీరా’ అన్నారు. పోనిచ్చినా.”

ఆయన కళ్లు తుడుచుకున్నారు. అంత వయసు మనిషి ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. నేను చూడకుండా గీశాను, ఆయన చూస్తూ తోలారు. ఇద్దరం కలిసి ఆ పిట్టకు చేసింది తక్కువేమీ కాదు.

షాహిదా వచ్చాక భోజనానికి కూర్చున్నాం. రాగిసంగటి ముద్ద, ఊరుబిండి. ఊరుబిండి అంటే వేరుశనగ విత్తనాలు, ఎండుమిరపకాయలు నూరిన ముద్దపచ్చడి. నేను సంగటి నములుతుంటే అందరూ నవ్వారు. “నమలేది కాదమ్మా, మింగల్ల!” మా వైపు పచ్చడి తర్వాత పప్పు, పప్పు తర్వాత పులుసు, చివర మజ్జిగ. ఇక్కడ ఒక ముద్ద, ఒక పచ్చడి, పని అయిపోయింది. సాయంత్రం దాకా ఆకలి మాటే లేదు.

బయల్దేరుతుంటే ఖాసీం సాబ్, “బేస్తవారం మీటింగుకు నేనూ వస్తా” అన్నారు.

“నీ మోకాళ్లు చూసుకున్యావా దాదా?” అంది షాహిదా.

“మాట్లాడేది మోకాళ్లు కాదు కదా. నోరుండాది నాకు.”

ధర్మవరం

వీధి వీధికీ మగ్గాల చప్పుడు. నాలుగు పట్టుచీరలు చూడాలని ప్రాణం కొట్టుకుంది కాని, నాకు కావలసింది పెద్ద కాగితం. చీర అంచుల నమూనాలు గీసే ఒకాయన కొట్లో గళ్ల కాగితం దొరికింది. ఒక్కో గడి ఒక్కో పోగు లెక్క. మంచం దుప్పటంత కాగితం ముప్పై రూపాయలు. అక్కడే బల్ల మీద నేలనెమలి మొగదాన్ని ఒకసారి గీసి చూసుకున్నాను. ఆయన తొంగిచూసి, “తోక మర్చిపోయినారే మేడమ్” అన్నాడు.

“ఇది నెమలి కాదు. నేలనెమలి.”

“అట్ల చెప్తే షావుకారు కొనడు మేడమ్. తోక పెట్టండి.”

“తోక పెట్టను” అన్నాను. అనవసరంగా గట్టిగా అన్నాను. పాపం, ఆయనకేం తెలుసు! అయినా నా చేత ఇంకో తప్పు గీయించడం ఇక ఎవరి తరమూ కాదు.

బీడు

తాడిమర్రి దాకా దారి చెబుతాను. ఆ తర్వాత చెప్పను. చెబితే పెద్ద కెమెరాలు మోసుకుని దిగుతారు మీరంతా, గుడ్లు తొక్కుతారు.

హనుమక్కకు యాభై దాటి ఉంటాయి. అరవై గొర్రెలు. బీడు పోతే వాటిని అమ్ముకుని కూలికి పోవడమే. చేతిలో కర్ర, భుజాన గొంగడి, నన్ను ఎగాదిగా చూసింది.

“నువ్వేనా ఆ బొమ్మ గీసిండేది?”

“నేనే.”

“శానా తిట్టుకున్యా నిన్ను.”

“తిట్టు. ఇప్పుడు కూడా తిట్టు.”

“అయిపోయిందిలే. రా, కాళ్లకు ఆ చెప్పులేంది? ముండ్లుండాయి.”

పది అడుగులు వేయకుండానే నా పట్నం చెప్పులోకి ముల్లు దిగింది. హనుమక్క నన్ను కూర్చోబెట్టి, పిన్నీసుతో తీసి, ఆ ముల్లు నా చేతిలో పెట్టి, “తెనాలికి తీసకపో” అంది.

తర్వాత ఒక చోటికి తీసుకెళ్లి ఆగింది. మోకాలెత్తు గడ్డిలో నాలుగు రేగుకంప కొమ్మలు నేలలో గుచ్చి ఉన్నాయి. ఎండిపోయి, వంగిపోయి.

“పోయిన వానకు పెట్టిండె గుడ్లు. నాలుగు గుడ్లకు నాలుగు కొమ్మలు. మా అవ్వ కాలం నుంచి ఇదే కట్టు. గుడ్లు కనపడితే రొంత దూరంలో కంప గుచ్చల్ల. కంప కనపడితే ఎవురి మందైనా పక్కకు తిరగల్ల. బట్టమేకకైతే ఒగటే కొమ్మ. ఒగటే గుడ్డు కదా. ఆ గుట్ట కింద మా అవ్వ ఒగ కొమ్మ గుచ్చేది. నేను ఒగతూరి కూడా గుచ్చలేదు.”

వంగిపోయిన ఒక కొమ్మను ఆమె నిటారుగా నిలబెట్టింది. “బట్టమేకలో మొగదే పెద్దది. నేలనెమలిలో ఆడది పెద్దది. అందుకే నాకు ఇదంటేనే ఇష్టం” అని నవ్వింది.

కుంట పక్కన బురదలో అడుగు చూపించింది. మూడు వేళ్లు, మూడూ ముందుకే. వెనక ఏమీ లేదు. “కౌజుకు వెనక వేలుంటాది. నెమలిపెట్టకూ ఉంటాది. తీతువుకు లేదు గానీ దాని అడుగు ఇంత పెద్దది కాదు” అంది. గొంగడిలోంచి ఒక పోగు లాగింది. దాంతో ఒక్కో వేలూ కొలిచి, గళ్ల కాగితం మీద ఉన్నదున్నట్టు దించాను. జీవితంలో మొదటిసారి ఆ పిట్టను చూసి గీసినట్టయింది, పిట్ట కనిపించకపోయినా. సాయంత్రం దాకా కూర్చున్నాం. ఏదీ ఎగరలేదు. అబద్ధం చెప్పను, నేను నేలనెమలిని చూడలేదు.

బడి వరండా

గురువారం ఊరంతా వచ్చింది. ఖాసీం సాబ్ ఆటోలో ధర్మవరం మీదుగా వచ్చి ముందు వరసలో కుర్చీ వేయించుకున్నారు. గోడ మీద నా చార్టు అలాగే ఉంది, పక్కన ఆఫీసరు.

నేను లేచి నా పేరు చెప్పి, “ఆ బొమ్మ తప్పు. అది పిల్ల కాదు, వేరే పిట్ట. రెండూ అంతరించిపోయే పక్షుల జాబితాలో ఉన్నవే” అన్నాను. అడుగు బొమ్మ విప్పి చూపించాను.

“మేడమ్, మీరు ఆ పక్షిని చూశారా?” అన్నాడు ఆఫీసరు, మర్యాదగానే.

“లేదు.”

“మరి చూడకుండా ఎలా చెబుతున్నారు?”

“పదకొండేళ్ల క్రితం కూడా చూడకుండానే గీశాను. అది మీకు సాక్ష్యం అయింది. చూసి చెప్పిన హనుమక్కను మాత్రం కూర్చోమన్నారు. తెనాలిలో కూర్చుని నేను గీసిన తప్పుకు ఉన్న విలువ, ఇక్కడ ఎండలో తిరిగే మనిషి మాటకు లేదా?”

ఖాసీం సాబ్ కర్ర ఊతగా లేచారు.

“సార్, రెండు పిట్టలా ఒగటా అని కదా మీ అనుమానం? రెండూ తిన్నోణ్ణి నేను. ఎముకలు వేరే, రుచి వేరే.”

“పెద్దాయనా, అది నేరం. తెలుసా?”

“కేసు పెడ్తావా? పెట్టు. ఆ కేసులోనన్నా రెండు పిట్టలని రాయల్ల కదా!”

వరండా అంతా గొల్లుమంది. హనుమక్క లేచింది. ఈసారి ఎవరూ కూర్చోమనలేదు. “వేలిముద్ర వెయ్యం” అంది. వెనక నుంచి ఒక్కొక్కరే, “వెయ్యం” అన్నారు.

ఆఫీసరు మొహం ఎర్రబడింది. అభ్యంతరం రాసుకుంటానన్నాడు. సర్వే మాత్రం ఈరోజే, తన పని తనదేనని జీపెక్కాడు.

కంప

షాహిదా స్కూటీ మీద నేను, ఆటోలో ఖాసీం సాబ్, అడ్డదారిన పరుగులాంటి నడకతో ఊరు. మేం చేరేసరికి జీపు బీడు అంచున ఆగి ఉంది.

బండి దారికి అడ్డంగా, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, కంప కొమ్మలు గుచ్చి ఉన్నాయి. పచ్చివి, పొద్దున్నే కొట్టినవి. నాలుగు కాదు, లెక్కలేనన్ని. హనుమక్క తెల్లవారి ఏం చేసి మీటింగుకు వచ్చిందో నాకప్పుడు తెలిసింది.

కంపంటే జీపుకు ఒక లెక్కా? తొక్కుకుంటూ పోవచ్చు. ఆఫీసరూ అదే అన్నాడు. “పోనీ!”

డ్రైవరు ముప్పై ఏళ్ల మనిషి. స్టీరింగు మీంచి చేతులు తీయలేదు, బండీ కదపలేదు.

“కంప గుచ్చినారు సార్.”

“అయితే ఏంటయ్యా?”

“మా నాయనా గొర్రెలు కాసినోడే సార్. కంప గుచ్చిన చోట తొక్కం. కావల్లంటే మీరు దిగి నడిచి పోండి.”

అని ఇంజను ఆపేశాడు. ఆఫీసరు అతన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు, ఆ కంపను చూశాడు. దిగలేదు. “తిప్పు” అన్నాడు.

జీపు తిరుగుతుండగా ఖాసీం సాబ్ మోకాళ్లు మరిచిపోయి వెళ్లి, డ్రైవరు పక్క తలుపు పట్టుకున్నారు. “నేను ఆపలేకపోతి నాయనా” అన్నారు. “నువ్వు ఆపినావు.” డ్రైవరుకు ఏమీ అర్థం కాలేదు. అయినా బండి ఆపి, ఆయన చెయ్యి వదిలేదాకా ఉన్నాడు.

వాళ్లు మళ్లీ వస్తారు, నాకు తెలుసు. రానివ్వండి. హనుమక్క దగ్గర కంపకు కరువు లేదు.

తెనాలి వచ్చి కొత్త చార్టు వేశాను. బట్టమేకకు ఒక బొమ్మ, నేలనెమలికి ఒకటి, రెండిటికీ మూడేసి వేళ్లు. బట్టమేక దగ్గర ఒక కంపకొమ్మ, నేలనెమలి దగ్గర నాలుగు. ప్రచురణకర్త చూసి, కింద ‘ఒకప్పుడు ఉండేవి’ అని రాయమన్నాడు.

‘ఉన్నాయి’ అని రాశాను.